తోట కూడికకు ఎంత శబ్దం కావాలి?



కొన్ని వారాలుగా ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు కింద ఒకే చర్చ నడుస్తోంది. మామిడి కోతల కాలంలో తోటల్లో జరిపే సాయంకాలపు కూడికలకు సంఘము సొంతంగా ఒక మైకు సెట్టు కొనాలని అందరమూ ఒప్పుకున్నాము. ఏది కొనాలన్న దగ్గర మాత్రం రెండు అభిప్రాయాలు వచ్చాయి. చక్రాలున్న పెద్ద స్పీకరు పెట్టె కొని, జనరేటరు అద్దెకు తెచ్చుకుందామని యౌవనస్థులలో కొందరి కోరిక. అంత డబ్బు ఎందుకు, గొంతు ఉంది కదా అని పెద్దలలో కొందరి మాట. మా అభిప్రాయం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అది ఊరికే రాజీ కోసం చెప్పేది కాదు. బ్యాటరీ మీద నడిచే, తక్కువ వోల్టేజీ చిన్న ఆంప్లిఫయరూ రెండు బాకాలూ మన పనికి చాలునని, అదే మన పనికి మేలైనదని మేము నమ్ముతున్నాము. ఎందుకో లెక్కతో సహా ఇక్కడ వ్రాస్తున్నాము. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పిన ఉపమానం మీకు తెలిసినదే. మైకు సెట్టుకు కూడా ఆ కూర్చోవడం అవసరం.

ముందుగా, ఇది ఎవరి డబ్బో గుర్తు చేసుకుందాము. తేనెమంచు పురుగు కొట్టి పూత మాడిపోయిన తోటల కింద కూలి చేసిన చేతులు వేసిన కోత కానుక ఇది. బంగినపల్లి గంపకు ఇంత, రసాల గంపకు ఇంత అని లెక్కకట్టి తెచ్చిన అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఆ కానుకలో ఒక్క రూపాయి కూడా శబ్దం కోసం పోకూడదు, మాట కోసం పోవాలి. శబ్దం వేరు, మాట వేరు. ఈ తేడాయే మన నిర్ణయానికి ఆధారం కావాలని మా మనవి.

పెట్టె మీద వ్రాసిన వాట్లు

మన పిల్లలు ఇంటర్నెట్టులో చూపించే పెట్టెల మీద 300 వాట్లు, 500 వాట్లు, 1000 వాట్లు అని ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అన్ని వాట్లు ఎలా వస్తాయని అడిగేవారు తక్కువ. ఇది నమ్మకం మీద వదిలేయవలసిన సంగతి కాదు, పదో తరగతి లెక్కతో తేలిపోయే సంగతి.

ఒక సాధారణ ఆంప్లిఫయరు 12 వోల్టుల మీద నడిచేటప్పుడు స్పీకరుకు పంపగలిగే ఊపు పైకి 6 వోల్టులు, కిందికి 6 వోల్టులు. దానిని 8 ఓముల స్పీకరుకు లెక్కకడితే రెండుంబావు వాట్లు వస్తుంది. 4 ఓముల స్పీకరైతే నాలుగున్నర. అంతకు మించి శుభ్రమైన ధ్వని రాదు. బ్రిడ్జి పద్ధతిలో కట్టిన ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొసలనూ ఎదురెదురుగా ఊపుతుంది గనుక ఊపు రెట్టింపవుతుంది, వాట్లు నాలుగు రెట్లవుతాయి. అప్పుడు 8 ఓములకు 9 వాట్లు, 4 ఓములకు 18 వాట్లు. ఇవి కాగితం మీది గరిష్ఠాలు. చిప్పులో పోయేది, వైరులో పోయేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. లోపల వోల్టేజీని పెంచే సర్క్యూటు గానీ ట్రాన్స్‌ఫార్మరు గానీ లేకుండా 12 వోల్టుల మీద 8 ఓముల స్పీకరుకు 100 వాట్లు ఇస్తానని ఏ బోర్డు చెప్పినా అది కూడని మాట. వోల్టేజీ పెంచే సర్క్యూటు ఉంటే వాట్లు వస్తాయి, కానీ ఆ వాట్లన్నీ బ్యాటరీ నుంచే రావాలి. ఊరికే వచ్చేది ఏమీ లేదు.

మన లేఖనాలలో దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని ఉంది. అంకెలను ఉబ్బించి అమ్మడమూ ఆ కోవలోదే. అయితే కొనేవారికి కూడా ఒక బాధ్యత ఉంది. త్రాసు వైపు చూడకుండా గుమ్మడికాయ పెద్దదిగా కనబడితే చాలనుకునేవాడు మోసపోతూనే ఉంటాడు.

ఏ చిప్పు దేనికి

ఇప్పుడు చౌకగా దొరికే బోర్డుల సంగతి. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ స్ట్రీటు ఇలాంటి సరుకుకు పేరుపడ్డ చోట్లు. ఇప్పుడు ఇంటికే తెప్పించుకోవచ్చు. బోర్డు మీద ఉన్న చిప్పు పేరు చూసి ఎంచుకోవాలి, పెట్టె రంగు చూసి కాదు.

ఎల్‌ఎం 386 పాతకాలపు చిన్న చిప్పు. 4 నుంచి 12 వోల్టుల మీద నడుస్తుంది, ఇచ్చేది ఒక వాటు లోపే. పిల్లలు నేర్చుకోవడానికి మంచిది, తోటకు చాలదు. పిఎఎం 8403 పదుల రూపాయలకే వస్తుంది. దాని వోల్టేజీ 5 మాత్రమే, అయిదున్నర దాటితే కాలిపోతుంది. 4 ఓములకు రెండు వైపులా మూడేసి వాట్లు అంటారు. గదిలో పది మంది కూర్చునే గృహ కూడికకు సెల్‌ఫోను పవర్ బ్యాంకు మీద నడపడానికి పనికొస్తుంది. దానిని పొరపాటున 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే అంతటితో సరి.

టిడిఎ 2030 మన ఊళ్లలో మెకానిక్కులందరికీ చేతి అలవాటు. మంచి చిప్పే, కానీ దాని సత్తువ ఎక్కువ వోల్టేజీ దగ్గర బయటపడుతుంది. 12 వోల్టులంటే దానికి అడుగున ఉన్న గీత. టిడిఎ 7297 మాత్రం 12 వోల్టుల కోసమే పుట్టినట్టుంటుంది. 6 నుంచి 18 వోల్టుల వరకు తీసుకుంటుంది, లోపలే రెండు బ్రిడ్జి ఆంప్లిఫయర్లు ఉన్నాయి, 8 ఓముల స్పీకర్లు చాలు. సెల్‌ఫోను పాటలకు, మాటకు శుభ్రంగా ఉంటుంది. లోపం ఒక్కటే, వేడెక్కుతుంది. అల్యూమినియం పలక దానికి తప్పనిసరి.

ఇక క్లాస్ డి అనే కొత్త రకం చిప్పులు. టిపిఎ 3110, టిపిఎ 3116 అనేవి ఇందులో బాగా దొరుకుతాయి. పాత రకం ఆంప్లిఫయరు కుళాయిని సగం తిప్పి నీటిని ఆపినట్టు విద్యుత్తును ఆపుతుంది, ఆపినదంతా వేడిగా పోతుంది. క్లాస్ డి రకం సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి పని జరిపిస్తుంది. అందుకే బ్యాటరీలోంచి తీసుకున్నదానిలో నూటికి 90 వంతుల దాకా స్పీకరుకు చేర్చగలదు. పాత రకం నిండా నడిచినప్పుడు కూడా అరవై వంతుల దరిదాపు చేరిస్తే గొప్ప, సన్నగా నడిచేటప్పుడు పాతిక వంతు కూడా దక్కదు. టిపిఎ 3116 బోర్డు మీద 50 ప్లస్ 50 అని అంటించి ఉంటుంది. అది అబద్ధం కాదు, 21 వోల్టులిచ్చి 4 ఓముల స్పీకరు పెడితే వస్తుంది. మన 12 వోల్టుల మీద అదే బోర్డు పైన చెప్పిన 18 వాట్ల గీత దాటదు. ఇది తెలిసి కొంటే నిరాశ ఉండదు.

బోర్డులు ఎవరూ అతకలేని సంఘమైతే ఏమి చేయాలి? 1940 నుంచి మన దేశంలో మైకు సామాను చేస్తున్న అహూజా వంటి వారి ఆంప్లిఫయర్లలో కరెంటు మీదా 12 వోల్టుల బ్యాటరీ మీదా నడిచేవి ఉన్నాయి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, కానీ ఏ ఊరి మైకు మెకానిక్కైనా విప్పి బాగుచేయగలడు. మన సంఘములో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలున్నారు, సోల్డరింగ్ చేతనైన ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లున్నారు. దేవుడు బెసలేలుకు ఇత్తడి పనిలోనూ చెక్క పనిలోనూ నేర్పునిచ్చినట్టు వీరికీ ఇచ్చాడు. ఆ నేర్పును వాడుకోవాలని మా కోరిక.

శబ్దం వినబడింది గానీ

పక్క ఊరి కూడికలో జరిగిన ఒక సంగతి చెబుతాము. పెద్ద పెట్టె తెచ్చారు. పాటలప్పుడు నేల అదిరింది, ఆకులు కదిలాయి. వాక్యము అయిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మను పలకరించి, బాగా వినబడిందా అమ్మా అని అడిగాము. “శబ్దం వినబడిందండీ అయ్యగారూ, మాట వినబడలేదు” అన్నది. ఆ తల్లి ఎవరినీ తప్పుపట్టలేదు, ఉన్నది చెప్పింది. ఆ ఒక్క మాటలో మైకు శాస్త్రమంతా ఉంది.

మనిషి మాటలో బలమంతా అచ్చులలో ఉంటుంది, అర్థం మాత్రం హల్లులలో ఉంటుంది. పాపం, తాపం, శాపం అన్న మూడు మాటలను తీసుకోండి. తేడా మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లులు పలికేది సెకనుకు రెండు వేల నుంచి నాలుగు వేల కంపనాల ఎగువ స్వరాలలో. ముసలితనంలో చెవి ముందుగా పోగొట్టుకునేది కూడా ఆ ఎగువ స్వరాలనే. బేస్ పెంచిన పెట్టె ఏమి చేస్తుంది? బ్యాటరీలో ఉన్న సత్తువనంతా గుండెలు అదిరే కింది స్వరాలకు ఖర్చుపెట్టి, హల్లులను వాటి కింద పాతిపెడుతుంది. పాపం అని మనం చెబితే తాపం అని వారు వింటారు. బూర స్పష్టంగా ఊదకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడని పౌలు కొరింథీయులను అడగడంలో భావం ఇదే కదా.

అందుకే మేము బాకా వైపు మొగ్గుతున్నాము. పాత మైకు సెట్ల నాటి నోరు తెరిచిన బాకానే. పాటకు అది అందంగా ఉండదని ఒప్పుకోవాలి. మాటకు మాత్రం దానిని మించినది లేదు. మామూలు స్పీకరు ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దరిదాపు వినిపిస్తుంది. అదే వాటుకు బాకా యూనిట్లు చాలావరకు 105 దాటుతాయి. ఆ 15 డెసిబెల్స్ తేడా అంటే ముప్పై రెట్ల వాట్లతో సమానం. నాలుగు వాట్లిచ్చిన బాకా, 120 వాట్లిచ్చిన మామూలు స్పీకరు ఎదురుగా నిలబడగలదన్నమాట. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొంచెం తేడా. కాబట్టి డబ్బును ఆంప్లిఫయరు మీద కంటే స్పీకరు మీద పెట్టడమే తెలివి.

ఇంకొక లెక్క. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక వాటు బాకా ఒక మీటరు దగ్గర 105 ఇస్తే, పదహారు మీటర్ల దగ్గర 81 ఉంటుంది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడేది 60, 65. తోట కూడికలో కూర్చునేది యాభై అరవై మంది, చివరి వరుస పదిహేను మీటర్ల లోపే. ఒక్క వాటే ఎక్కువవుతోందంటే ఇక వెయ్యి వాట్లు ఎవరి కోసం?

బ్యాటరీ లెక్క

తోటలో మోటారుకు కరెంటు పగటిపూట వస్తుంది, మన కూడిక చీకటి పడ్డాక జరుగుతుంది. చిక్కం కర్రలు పక్కన పెట్టి, కాయలు గ్రేడు చేసి, లారీకి ఎత్తి, స్నానం చేసి వచ్చేసరికి ఏడు దాటుతుంది. గుత్త తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు, దూర ఊళ్ల నుంచి వచ్చి గుడిసెల్లో పడుకునే కోత కూలీలు అప్పుడే ఖాళీ అవుతారు. వారి దగ్గరకు మనం వెళ్లాలి గానీ వారు మన మందిరానికి రాలేరు. అక్కడ జనరేటరు అంటే అద్దె, డీజిలు, పొగ, దాని మోతను మించడానికి ఇంకా పెద్ద మైకు.

యుపిఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ చూడండి. కాగితం మీద 84 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, సగం వాడి మళ్లీ చార్జి చేస్తే ఎక్కువ కాలం బతుకుతుంది, పదిన్నర వోల్టుల కిందికి దింపితే చెడిపోతుంది. కాబట్టి చేతిలో ఉన్నది 42 వాట్ అవర్లు అనుకుందాము. మాట్లాడేటప్పుడు గొంతు ఎప్పుడూ గరిష్ఠంలో ఉండదు, మధ్యలో విరామాలుంటాయి. సగటున గరిష్ఠంలో పదో వంతు చాలు. క్లాస్ డి బోర్డు, రెండు బాకాలు, కార్డ్‌లెస్ మైకు రిసీవరు అన్నీ కలిపి సుమారు 4 వాట్లు తీసుకుంటాయని వేసుకుంటే పది గంటలు. రెండేసి గంటల కూడికలు అయిదు. టిడిఎ 7297 వంటి పాత రకంతో అదే బ్యాటరీ ఆరు గంటల దాకా రావచ్చు, అంటే మూడు కూడికలు. రెండూ మనకు సరిపోయేవే.

దీనికి బదులు 12 వోల్టులను ఇన్వర్టరుతో 230 చేసి, దానిని మళ్లీ ఆంప్లిఫయరు లోపలి ట్రాన్స్‌ఫార్మరుతో దించడం, నీళ్లను డాబా మీదికి మోసి మళ్లీ కిందికి పోయడం లాంటిది. ఇన్వర్టరు ఖాళీగా ఉన్నా కొన్ని వాట్లు తాగుతూనే ఉంటుంది. మన చిన్న సెట్టు మొత్తం తీసుకునేదానికంటే అదే ఎక్కువ కావచ్చు. బ్యాటరీ మీద నడిచేది బ్యాటరీ వోల్టేజీ మీదే నడవనివ్వండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. బరువు తక్కువ, ఎక్కువ సార్లు చార్జి చేయవచ్చు, ధర ఎక్కువ. వాటికి రక్షణ సర్క్యూటు, తగిన చార్జరు తప్పనిసరి. మొదటి ఏడు మామూలు బ్యాటరీతో గడిపి, అవసరం కనబడితే ఆ తరువాత మారుద్దాము.

కట్టే తమ్ముళ్లకు నాలుగు మాటలు

మొదటిది, బ్యాటరీ ప్లస్ కొస దగ్గరే ఫ్యూజు పెట్టండి. చిన్న బ్యాటరీ కూడా షార్టయితే వైరును కాల్చేస్తుంది, మనం కూర్చునేది ఎండుటాకుల మీద. రెండవది, ప్లస్ మైనస్ తారుమారైతే చౌక బోర్డు క్షణంలో పోతుంది. చీకట్లో కట్టేవారు తికమక పడకుండా ఒకే విధంగా దూరే ప్లగ్గు వాడండి. మూడవది, ఆంప్లిఫయరును బ్యాటరీ పక్కనే ఉంచి, పొడవు వైరు బాకాకు వేయండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీద పది మీటర్ల దూరం 3 ఆంపియర్లు లాగితే రాకపోకలకు ఒక వోల్టు పైగా దారిలోనే పోతుంది, 12లో ఒకటి పోవడం చిన్న నష్టం కాదు. అదే పొడవు 16 ఓముల బాకాకు వెళ్లే వైరులో ఉంటే నష్టం లెక్కలోకి రాదు. నాలుగవది, బ్రిడ్జి ఆంప్లిఫయరులో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లూ ప్రాణమున్నవే. రెండు బాకాల మైనస్‌లను కలిపినా, వాటిని బ్యాటరీ మైనస్‌కు తగిలించినా చిప్పు పోతుంది.

ఇంకొకటి. బాకా యూనిట్టుకు కింది స్వరాలు పంపితే లోపలి పొర చిరుగుతుంది. 16 ఓముల బాకాకు 33 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటరు వరుసలో పెడితే సుమారు 300 కంపనాల కింది మోత తగ్గిపోతుంది. మాటకు నష్టం లేదు, బాకాకు ఆయుష్షు. మామూలు వైరు మైకును నేరుగా ఈ బోర్డులకు పెడితే గొంతు సన్నగా వస్తుంది, మధ్యలో చిన్న మైకు ప్రీఆంప్లిఫయరు కావాలి. బాకాలు ఎప్పుడూ బోధకుని కంటే ముందుండాలి, వెనుక ఉంటే కూత మొదలవుతుంది.

ఎజ్రా కాలపు మైకు

బ్యాటరీ, బాకా లేనప్పుడు సంఘము విన్నది ఎలా? నెహెమ్యా 8వ అధ్యాయం చదవండి. నీటి గుమ్మము ఎదుటి మైదానంలో జనమంతా కూడితే, ఎజ్రా చెక్కతో చేసిన ఎత్తైన పీఠం మీద నిలబడి ధర్మశాస్త్రం చదివాడు. అక్కడితో ఆగలేదు. పదమూడు మంది పేర్లు అక్కడ వ్రాసి ఉన్నాయి. వారూ లేవీయులూ జనుల మధ్య నిలబడి, చదివినదానికి అర్థం చెబుతూ గ్రహింపజేశారు. ప్రభువైతే గలిలయ సముద్రపు ఒడ్డున దోనె ఎక్కి, నీటి మీద నుంచి ఒడ్డున ఉన్నవారితో మాట్లాడాడు.

1739లో ఫిలడెల్ఫియా వీధిలో జార్జ్ విట్‌ఫీల్డ్ ప్రసంగిస్తుంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట వినబడినంత దూరం వెనక్కి నడిచి, అర్ధవృత్తం గీసి, మనిషికి రెండు చదరపు అడుగుల చొప్పున ముప్పై వేలకు పైగా వినగలరని లెక్కకట్టాడు. మన జిల్లాల వైపు 1841లో బందరు చేరిన హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్‌ల కాలంలోనూ మైకు లేదు. 1915 క్రిస్మసు ముందు రోజున శాన్‌ఫ్రాన్సిస్కోలో జెన్సెన్, ప్రిధమ్ అనే ఇద్దరు తమ మాగ్నావాక్స్ లౌడ్‌స్పీకరుతో పెద్ద జనసమూహానికి వినిపించారు. లాటినులో ఆ మాటకు గొప్ప స్వరం అని అర్థం. అప్పటి నుంచి మనకు గొప్ప స్వరం సులువైంది. జనుల మధ్యకు వెళ్లి నిలబడే లేవీయుడు మాత్రం అరుదయ్యాడు.

ఒక పెద్ద పెట్టెను ముందు పెడితే ముందు వరుస పిల్లల చెవులు పగులుతాయి, వెనుక వరుసకు మసకగా చేరుతుంది. రెండు చిన్న బాకాలను చెరొక వైపు, జనానికి దగ్గరగా, తలల కంటే ఎత్తులో కొమ్మకు కడితే ఎవరికీ ఎక్కువ కాదు, ఎవరికీ తక్కువ కాదు. లేవీయులను పంచినట్టు శబ్దాన్ని పంచుదాము.

పొరుగువారి నిద్ర

ఇప్పుడు అందరికీ అంతగా రుచించని మాట. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా వాడకూడదు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. బహిరంగ స్థలంలో మైకు వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు దగ్గర, ఆ ప్రాంతపు హద్దు కంటే 10 ఎక్కువ లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. మన చిన్న సెట్టే పూర్తిగా తిప్పితే ముప్పై మీటర్ల దూరంలో 80 దాటగలదు. పెద్ద పెట్టె సంగతి చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లినది ఒక సంఘమే. మద్రాసులో చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ సంఘము మైకులు, వాయిద్యాల మోత మీద పక్కనే ఉన్న కెకెఆర్ మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం ఫిర్యాదు చేసింది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదన్న భావంతో ఆ సంఘపు అప్పీలును తోసిపుచ్చింది. అన్ని మతాలవారి మైకులకూ ఆ మాట వర్తిస్తుంది. ఫలానా చోట ఇంత మోత పెడుతున్నారు, మనమే ఎందుకు తగ్గించాలని అడిగే తమ్ముళ్లకు మా జవాబు ఒక్కటే. పొరుగువాని తప్పు మనకు అనుమతి పత్రం కాదు.

చట్టం లేకపోయినా మనకు ఒక మాట ఉంది. దేవుడు ఎన్నుకున్న సేవకుడు వీధులలో కేకలు వేసి స్వరమెత్తేవాడు కాడని యెషయా 42వ అధ్యాయం ముందే చెప్పింది, అది యేసునందు నెరవేరిందని మత్తయి వ్రాశాడు. కర్మెలు కొండ మీద మధ్యాహ్నం దాకా గొంతు చించుకున్నది బయలు ప్రవక్తలు. ఏలీయా ప్రార్థన చిన్నది. మన దేవునికి చెవుడు లేదు. మైకు దేవుని కోసం కాదు, వెనుక వరుస పెద్దమ్మ కోసం. ఆమెకు అందిన తరువాత మిగిలే శబ్దమంతా పరీక్షకు చదివే పిల్లవాడి మీదా, తెల్లవారుజామున కోతకు లేవాల్సిన కూలీ మీదా పడుతుంది.

యౌవనస్థులతో

మీ ఉత్సాహాన్ని చల్లార్చాలని మేము ఇది వ్రాయడం లేదు. పాటకు బేస్ కావాలన్న మీ కోరికలో తప్పు లేదు. మందిరంలో, కరెంటు ఉన్నచోట, తలుపులు మూసి వాడుకునేందుకు మంచి స్పీకర్లు ఉన్నాయి. వాటిని అలాగే ఉంచుదాము. ఏటా ఒకసారి జరిగే ఉజ్జీవ సభలకు పెద్ద సెట్టు అద్దెకు తెచ్చుకుందాము, ఏడాదిలో రెండు రోజుల కోసం కొనడం ఎందుకు? తోటకు మాత్రం తోటకు తగినదే. ఒకరు సైకిలు మీద పెట్టుకుని వెళ్లగలిగేది, పాడైతే మనమే విప్పగలిగేది, దొంగ ఎత్తుకుపోయినా సంఘము కుంగిపోనిది.

మా అంచనాలో బోర్డు, ప్రీఆంప్లిఫయరు, బ్యాటరీ, చార్జరు, రెండు బాకాలు, మైకు, వైర్లు, పెట్టె అన్నీ కలిపి ఒక్కో సెట్టు ఏడెనిమిది వేలు దాటదు. పెద్ద పెట్టెకు అనుకున్న డబ్బుతో ఇలాంటివి రెండు కట్టవచ్చు. ఒకటి ఆగిరిపల్లి వైపు తోటలకు, ఒకటి ముసునూరు వైపు తోటలకు. ఒకే రాత్రి రెండు చోట్ల కూడిక జరుగుతుంది. చౌక బోర్డులు పోవడం మామూలే గనుక ఒక బోర్డు అదనంగా కొని పెట్టెలోనే ఉంచుకుందాము. మిగిలినది చెవి వినబడని మన పెద్దలలో ఇద్దరిని చెవి డాక్టరుకు చూపించడానికి ఖర్చుపెడదామని మా ప్రతిపాదన. వినిపించడానికి డబ్బు తీసినప్పుడు, విననివారి చెవిని మరిచిపోకూడదు కదా.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత సంఘ పెద్దలు, స్త్రీల సమాజము, యౌవనస్థులు కలిసి కూర్చుంటారు. ఈ లెక్కల్లో తేడా కనబడినవారు కాగితం మీద వ్రాసుకుని రండి. కొనే ముందు ఒక బోర్డు, ఒక బాకా అడిగి తెచ్చి, ఎవరైనా ఒక తోటలో పదిహేను మీటర్ల దూరంలో మన పెద్దమ్మలను కూర్చోబెట్టి పరీక్షిద్దాము. వాక్యము చదివి, ఏమి విన్నారో వారి చేతనే తిరిగి చెప్పిద్దాము. వారు పాపమును పాపమనీ, శాపమును శాపమనీ తిరిగి చెప్పగలిగితే ఆ సెట్టు చాలు.

వినుట వలన విశ్వాసము కలుగుతుందని నమ్మిన సంఘము మనది. వినదగిన మాట ఇచ్చిన దేవుడు, దానిని వినదగినట్టు అందించే జ్ఞానమును కూడా మనకు దయచేయును గాక. తోటల్లో రాత్రుళ్లు గడిపే ప్రతి కుటుంబానికీ ఆయన కాపుదల ఉండును గాక. ఆమేన్.